వాళ్ళిద్దరూ స్నేహితులేనా?

పాఠకుల ప్రశ్నలు, నా జవాబులు

కిందటి నెల ఎవరికో జవాబిస్తూ "కథ అచ్చయ్యాక పాత్రలు పాఠకుల సొత్తు" అని ఒక ముక్క అనేశాను. ఆ ముక్క పట్టుకుని ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. దాదాపు అన్నీ ఒకే సంగతి మీద. అభిమానులు తమకిష్టమైన కథల్లోని పాత్రలను స్వలింగ ప్రేమికులుగానో ద్విలింగ ప్రేమికులుగానో (అంటే ఆడామగా ఇద్దరి మీదా ప్రేమ కలిగేవాళ్ళుగానో) చదువుకుంటున్నారు, ఆ చూపుతో కొత్త కథలు కూడా రాసుకుంటున్నారు. ఇది సబబేనా అని. కొందరు కోప్పడ్డారు, ఒకావిడ భయపడ్డారు, ఒకరైతే నా పాత పుండు మీదే వేలు పెట్టారు. ఆ చివరివారి జవాబు చివర్లోనే.

మేడమ్ గారూ, మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. రాత్రిళ్ళు ఫోన్లో ఏదో రాసుకుంటుంటే, తను నిద్రపోయాక తీసి చూశాను. డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్, అతని నేస్తం డాక్టర్ వాట్సన్ ప్రేమించుకున్నట్టు కథ! ఆ కథలు చిన్నప్పుడు నేనూ చదివాను. నాకెప్పుడూ అలా తోచలేదు. ఇదేమైనా ఈ కాలపు జబ్బా? మా అమ్మాయి గురించి నేను టెన్షన్ పడాలా?
— ఒక తల్లి

అమ్మా, ముందు ఫోను సంగతి. ఆమెకు తెలియకుండా ఇంకెప్పుడూ తీయకండి. మీ ఉత్తరంలో నాకు నచ్చనిది అదొక్కటే.

జబ్బు అంటారా, ఈ కాలానిదైతే కాదు. 1941 జనవరిలో న్యూయార్క్‌లో హోమ్స్ అభిమానులు విందు చేసుకుంటుంటే రెక్స్ స్టౌట్ అనే ఆయన లేచి, వాట్సన్ అసలు మగవాడే కాదు, ఆడది, పైగా హోమ్స్ భార్య అని ప్రసంగం చేశాడు. ఆయనేమీ ఆషామాషీ మనిషి కాదు, పేరున్న డిటెక్టివ్ నవలా రచయిత. హోమ్స్ కథల పేర్లలో మొదటి అక్షరాలు ఏరి కూర్చి, ఆవిడ పేరు "ఐరీన్ వాట్సన్" అని కూడా తేల్చాడు. అంతా వేళాకోళమే అనుకోండి. కానీ ఆ వేళాకోళానికి సరుకంతా మూలకథల్లోదే. హోమ్స్ రాత్రి ఎన్నింటికి పడుకుంటాడు, పొద్దున తను లేచేలోపు తిని ఎలా వెళ్ళిపోతాడు అని వాట్సన్ లెక్కలు రాస్తుంటాడు చూడండి, అలాంటివి. ఇద్దరు మగవాళ్ళ మధ్య అంత దగ్గరితనం కనిపిస్తే నలుగురిలో నవ్వుతూ చెప్పుకోడానికి ఆ రోజుల్లో దొరికిన దారి, ఒకరిని ఆడదాన్ని చేసేయడం. మీ అమ్మాయి ఆ శ్రమ పెట్టుకోలేదు. అంతకు మించి తేడా నాకు కనిపించడం లేదు.

మీకు తోచలేదన్నారు కాబట్టి ఒక చోటు చూపిస్తాను. 1924లో వచ్చిన "ముగ్గురు గారిడెబ్‌లు" కథ. వాట్సన్ తొడకు తుపాకీ గుండు తగులుతుంది. హోమ్స్ పరుగున వచ్చి పట్టుకుంటాడు, పెదాలు వణుకుతాయి, కళ్ళు చెమ్మగిల్లుతాయి. ఆ చల్లటి ముఖం వెనక ఇంత ప్రేమ ఉందని తెలుసుకోడానికి ఒక గాయం కాదు, ఎన్ని గాయాలైనా తగలొచ్చు అనుకుంటాడు వాట్సన్. "ప్రేమ" అన్న మాట నేను కలపలేదు, హోమ్స్ కథల రచయిత కానన్ డాయిల్ రాసిందే. అది ఏ రకం ప్రేమ అన్నది మాత్రం ఆయన రాయలేదు. మీ అమ్మాయి కథ మొదలయ్యేది అక్కణ్నుంచి.

ఈ కథలకు ఒక పేరుంది, "స్లాష్". రెండు పేర్ల మధ్య గీసే ఏటవాలు గీత. 1966 నుంచి 1969 దాకా అమెరికాలో "స్టార్ ట్రెక్" అనే టీవీ సీరియల్ వచ్చింది. అందులో కెప్టెన్ కిర్క్, అతని సహచరుడు స్పాక్. వాళ్ళ పేర్ల మధ్య "మరియు" గుర్తు ఉంటే స్నేహం కథ, ఏటవాలు గీత ఉంటే ప్రేమకథ. అదీ అభిమానుల సంకేతం. 1974లో ఒక అభిమాని పత్రికలో మొట్టమొదటి కథ అచ్చయినప్పుడు రాసినావిడ ఎంత జంకిందంటే, పాత్రల పేర్లే పెట్టలేదు. చదివినవాళ్ళకు మాత్రం ఎవరో తెలిసిపోయింది. సైక్లోస్టైల్ కాగితాలు, పోస్టు కవర్లు, చేతులు మారే ప్రతులు. ఆ పని చేసినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఎందుకంటారా? నా ఊహ చెప్తాను. ఆనాటి సాహసకథల్లో ఆడపాత్ర వచ్చి, ఒకసారి కెవ్వుమని, వెళ్ళిపోయేది. కథలో నిజంగా ఎదిగిన బంధం హీరోకీ అతని నేస్తానికీ మధ్యే ఉండేది. ప్రేమకథ రాయాలనుకున్న మనిషి ప్రాణమున్న చోటికే కదా వెళ్తుంది.

ఇప్పుడా కాగితాల స్థానంలో "ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్" అనే పెద్ద భాండాగారం ఉంది. అభిమానులే కట్టుకుని, 2009లో తెరిచారు. 2019లో దానికి సైన్స్ ఫిక్షన్ రంగంలో పెద్దదైన హ్యూగో అవార్డు కూడా వచ్చింది. మీ అమ్మాయి అందులోనే రాస్తుంటే అక్కడ ప్రతి కథకూ ఇది పెద్దలకు, ఇది అందరికీ అని రేటింగ్ పెట్టే పద్ధతి ఉంటుంది. ఆ మాట ఆమెకే బాగా తెలిసి ఉంటుందిలెండి.

మీరు అడగకుండా అడిగిన ప్రశ్న ఇంకొకటుంది. ఇలాంటివి రాసే పిల్ల తనూ అలాంటిదేనా అని. కథను బట్టి చెప్పలేం. హత్యల కథలు రాసేవాళ్ళందరూ హంతకులు కారు. అలాగని కాదనీ చెప్పలేం. తానెవరన్నది తను చెప్పాలి, చెప్పాలనిపించినప్పుడు, చెప్పాలనిపించినవాళ్ళకు. మీరు ఆ జాబితాలో ఉండాలనుకుంటే, ఫోను చూశానని ఒప్పుకుని, "ఏ కథలో ఏ వాక్యం చూసి నీకలా అనిపించింది?" అని అడగండి. గంటసేపు వినడానికి సిద్ధపడి మరీ అడగండి.

రచయిత కష్టపడి మలిచిన పాత్రలను పట్టుకుని తమ కోరికలు పులమడం, వేరొకరి ఇంట్లో దూరి గోడలకు రంగులు వేయడం లాంటిది కాదా? రచయిత రాయనిది ఉందని వాదించడం ఏం చదువు? మీవంటివారు దీన్ని వెనకేసుకు రావడం విచారకరం.
— రిటైర్డ్ లెక్చరర్

గురువుగారూ, నమస్కారం. మీ వంటివారి దగ్గర నేను నేర్చుకున్న పాఠమే మీకు తిప్పి చెప్పాల్సి వస్తోంది.

"అత్త ఇక్కడ పడుకుంటుంది, నేనిక్కడ. పగటిపూటే చూసిపెట్టుకో బాటసారీ. రేచీకటివాడివి, రాత్రి వచ్చి మా మంచం మీద పడేవు సుమా!" ఈ ప్రాకృత గాథ మీకు తెలియనిది కాదు. మాటల్లో ఉన్నది "రావద్దు", వినపడేది "రా". తొమ్మిదో శతాబ్దిలో ఆనందవర్ధనుడు దీన్ని ఉదాహరణగా చూపించి, కావ్యానికి ప్రాణం ఈ చెప్పని మాటలోనే ఉందన్నాడు. దాన్నే ధ్వని అన్నాడు. వాచ్యంగా లేనిది లేనట్టే అనుకుంటే ఆ గాథలో మిగిలేది పడక ఏర్పాట్ల వివరం. మన శాస్త్రం ఆడామగా మధ్య ధ్వనిని ఒప్పుకుంటుంది. ఇద్దరు మగవాళ్ళ మధ్యో ఇద్దరాడవాళ్ళ మధ్యో అయ్యేసరికి "రాయనిది ఎలా చదువుతారు" అంటున్నాం. సూత్రం అదే కదండీ?

గోడలకు రంగులన్నారు. ఆ రంగులు అటువైపు నుంచి కూడా పడ్డాయి, అదీ అధికారికంగా. హాలీవుడ్‌లో 1934 నుంచి 1968 దాకా హేస్ కోడ్ అనే కట్టడి ఉండేది. స్వలింగ ప్రేమను ఆ కోడ్ పెట్టినవాళ్ళు "వికృతి" అని, దాన్ని చూపడమే కాదు, సూచించడం కూడా కుదరదన్నారు. లిలియన్ హెల్‌మన్ అనే అమెరికన్ రచయిత్రి 1934లో ఒక నాటకం రాసింది. ఇద్దరు టీచర్లు ప్రేమికులని ఒక పిల్ల పుట్టించిన పుకారు వాళ్ళ బతుకులను ఎలా నాశనం చేసిందన్నది కథ. 1936లో విలియం వైలర్ దాన్ని సినిమాగా తీసినప్పుడు పుకారునే మార్చేశారు. ఒక టీచరు రెండో టీచరుకు కాబోయే భర్తతో తిరుగుతోందట! ఆ స్క్రీన్‌ప్లే రాసింది కూడా హెల్‌మనే. పాతికేళ్ళు ఆగి, 1961లో అదే వైలర్ అదే కథను అసలు పుకారుతో మళ్ళీ తీశాడు. అంటే రచయిత్రి రాసిన పాత్రల బంధాన్ని మొదట మార్చింది అభిమానులు కాదు, స్టూడియో. మరి ఆ కాలపు సినిమాల్లో సందులు వెతికే ప్రేక్షకుడిని ఎలా తప్పుపడతాం? సందుల్లో దాచక తప్పని పరిస్థితి వాళ్ళే కల్పించారు.

ఇంకాస్త వెనక్కి వెళ్దామా? ట్రాయ్ యుద్ధపు కథలోని వీరులు అకిలీజ్, పెట్రోక్లస్ ప్రేమికులని గ్రీకు కవి హోమర్ ఎక్కడా అనలేదు. తర్వాత వచ్చిన గ్రీకు నాటకకర్త ఎస్కిలస్ తన నాటకంలో వాళ్ళను ప్రేమికులుగా చూపించాడు. ప్లేటో రాసిన "సింపోజియం"లో ఫీడ్రస్ అనే ఆయన దాని మీద గొడవ పెట్టుకుంటాడు. ప్రేమికులు కారని కాదు గొడవ. ఎస్కిలస్ వాళ్ళిద్దరి స్థానాలు తారుమారు చేశాడట! అకిలీజే చిన్నవాడు, ఇంకా గడ్డం కూడా రానివాడు, కాబట్టి అతనే ప్రేమించబడినవాడు అని వాదన. అదే కాలపు జెనోఫన్ రచనలో సోక్రటీస్ మాత్రం, హోమర్ చూపించింది సహచరులనే, ప్రేమికులను కాదని మీలాగే అంటాడు. ఇరవై మూడు, ఇరవై నాలుగు శతాబ్దాల కిందటి మాటలివి. ఈ రోజు కాలేజీ పిల్లలు ఏ పాత్రల గురించి కొట్టుకుంటున్నా, వాదనలు మాత్రం ఇవే.

అయితే మీ కోపంలో ఒక పాలు నిజం లేకపోలేదు. ధ్వనికీ ప్రకరణం కావాలి, సందర్భం కావాలి. ఏ వాక్యం ఆ అర్థాన్ని మోస్తోందో చూపించలేనివాడు "నాకలా అనిపించింది" అంటే, సరే నాయనా అని ఊరుకుంటాను. ఒప్పుకోను.

హ్యారీ పాటర్‌లో డంబుల్‌డోర్ గే అని రచయిత్రి చెప్పారు కదా, మరి పుస్తకాల్లో ఎక్కడా లేదేం? అది లెక్కలోకి వస్తుందా?
— ఇంజనీరింగ్ విద్యార్థి

చివరి పుస్తకం 2007 జులైలో వచ్చింది. ఆవిడ ఈ మాట చెప్పింది అదే ఏడాది అక్టోబరులో, న్యూయార్క్‌లో ఒక సభలో, మాంత్రికుల బడి హెడ్మాస్టరు డంబుల్‌డోర్ ఎప్పుడైనా ప్రేమలో పడ్డాడా అని ఎవరో అడిగితే. పుస్తకంలో గ్రిండెల్‌వాల్డ్ అనే ఇంకో మాంత్రికుడితో యవ్వనపు స్నేహం ఉంది, ఆ రెండు నెలల్లో ముసలాయన జీవితం తలకిందులైన వైనం ఉంది. ఆ పేజీలు చదివి ముందే పసిగట్టినవాడు పసిగట్టాడు.

అభిమానుల భాషలో మూలకథను "కానన్" అంటారు (కానన్ డాయిల్‌కూ దీనికీ చుట్టరికం లేదు, తెలుగులో రాస్తే ఒకేలా కనిపిస్తాయంతే). మనసులో ఎవరికి వారు అనుకున్నది "హెడ్‌కానన్". వేదిక మీద రచయిత్రి చెప్పింది నా లెక్కలో ఆవిడ హెడ్‌కానన్. తెలివైన మొదటి పాఠకురాలి మాటగా విలువిస్తాను. కానీ ఏడు పుస్తకాల్లో అన్ని వేల పేజీలు రాసి, ఆ ఒక్క మాటకు చోటు చూడనివాళ్ళకు అయిపోయాక మార్కులు వేయను.

అక్కా, మేం ఒక సిరీస్‌కు వీరాభిమానులం. అందులో ప్రేమికులుగా వేసిన ఇద్దరు హీరోలు నిజంగా కూడా ప్రేమించుకుంటున్నారని మా గ్రూపంతా నమ్ముతాం. వాళ్ళ ఇంటర్వ్యూలు ఆపి ఆపి చూసి సాక్ష్యాలు పోగేస్తాం. వాళ్ళు ఒప్పుకోరేం?
— ఒక వీరాభిమాని

మానేయండి తల్లీ. పాత్రను ఎంత తవ్వినా పాత్రకు నొప్పి లేదు. పుస్తకం మూస్తే నిద్రపోతుంది. మనిషి అలా కాదు.

"హార్ట్‌స్టాపర్" అనే బ్రిటిష్ సిరీస్‌లో ద్విలింగ ప్రేమికుడైన కుర్రాడిగా కిట్ కానర్ నటించాడు. నిజజీవితంలో ఒక అమ్మాయి చేయి పట్టుకుని కనిపించాడని కొందరు అభిమానులు వెంటపడ్డారు. క్వీర్‌బెయిటింగ్ చేస్తున్నాడన్నారు. అంటే లేనిది ఉన్నట్టు ఊరించి ప్రేక్షకులను పట్టుకోవడం అన్నమాట. కథల మీద, వాటిని అమ్ముకునే కంపెనీల మీద వేయాల్సిన నింద అది. దాన్ని ఒక కుర్రాడి మీద వేశారు. 2022 అక్టోబరు చివర్లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, తాను బైసెక్సువల్‌నని అతను చెప్పుకోవాల్సి వచ్చింది. బలవంతంగా చెప్పించారని, ఆ సిరీస్ చెప్పిందేమిటో మీకు అర్థమైనట్టు లేదని కూడా రాశాడు. అభిమానం పేరుతో జరిగిన పని అది. మీ గ్రూపులో ఈ సంగతి చదివి వినిపించండి.

ఇద్దరు మనుషులు ఆప్యాయంగా ఉంటే చాలు, జంట కట్టేస్తున్నారు. ఇక కథల్లో స్నేహమన్నదే మిగలదా?
— గృహిణి

నాకూ అప్పుడప్పుడు అలాగే విసుగొస్తుంది. జంట కట్టడానికి వాళ్ళ మాట "షిప్పింగ్", రిలేషన్‌షిప్‌లో తోక తుంచి తెచ్చుకున్నది. కొందరికి షిప్ లేనిదే కథ లేదు. తమాషా ఏమిటంటే ఈ ఫిర్యాదు అభిమానుల లోపలి నుంచి కూడా వస్తోంది. ఆర్చీ కామిక్స్‌లో జగ్‌హెడ్ అని ఒక తిండిపోతు కుర్రాడున్నాడు. దశాబ్దాల తరబడి అతనికి అమ్మాయిలంటే ఆసక్తి లేదు, ప్రాణమంతా హ్యాంబర్గర్ల మీదే. 2016లో కామిక్స్‌వాళ్ళు అతను ఏసెక్సువల్, అంటే లైంగిక ఆకర్షణ కలగనివాడు అని తేల్చేశారు. మరుసటి ఏడాదే అదే పాత్రతో వచ్చిన టీవీ సిరీస్‌లో మాత్రం శుభ్రంగా ఒక గర్ల్‌ఫ్రెండ్‌ను కట్టబెట్టారు. తమలాంటి ఒక్కడిని చూసుకుని మురిసినవాళ్ళకు ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. కాబట్టి "వీళ్ళిద్దరి మధ్య ఏమీ లేదు" అన్నది కూడా ఒక చదువే. దానికీ వాక్యాలు చూపించాల్సిందే.

పత్రికలో మీరు రాసిన పాత సీరియల్‌లో ఒక టీచరు, ఒక నర్సు ఒకే ఇంట్లో ఉంటారు. టీచరు పెళ్ళి చేసుకుని వెళ్ళి, భర్తను వదిలి మళ్ళీ ఆ ఇంటికే వస్తుంది. నా ప్రశ్న ఒకటే. వాళ్ళిద్దరూ స్నేహితులేనా? కప్పదాటు వేయకుండా చెప్పండి.
— మీ పాత పాఠకురాలు

ఇదే ప్రశ్న ముప్పై ఏళ్ళ కిందట ఒక అమ్మాయి అడిగింది. సీరియల్ ముగిసిన రెండు వారాలకు మూడు పేజీల ఉత్తరం వచ్చింది. ఆ పిల్ల ఊరికే అడగలేదు. అధ్యాయాల నంబర్లు వేసి, వాక్యాలు ఎత్తి రాసింది. చివర్లో, "మీరు రాశారని నాకు తెలుసు. మీకు తెలుసో లేదో తెలీదు" అంది.

నాకు ఒళ్ళు మండింది. పోస్టుకార్డు తీసి "అమ్మాయీ, నేను రాసింది స్నేహం. నువ్వు చదివింది నీ ఊహ" అని రెండు ముక్కలు రాసి పడేశాను. మండటానికి కారణాలు ఇప్పుడు చెప్పుకోగలను. ఇంకో సీరియల్ మొదలుపెట్టమని పత్రికవాళ్ళు అడుగుతున్న రోజులవి. ఇలాంటి మాట ఎవరి చెవినైనా పడితే ఆ అవకాశం పోతుందేమోనని భయం. అదొకటి. చదువుకునే రోజుల్లో నాకూ ఒక రూమ్‌మేట్ ఉండేది. ఆ సంగతి ఇక్కడ అనవసరం.

కొన్నేళ్ళకు ఆ సీరియల్ పుస్తకంగా వేస్తామంటే ప్రూఫులు దిద్దడానికి కూర్చున్నాను. ప్రూఫులు దిద్దేటప్పుడు మనం రాసింది మనది కాకుండా పోతుంది. ఒత్తులూ దీర్ఘాలూ చూస్తూ పోతుంటే వాక్యాలు ఎవరివో అనిపిస్తాయి. అలా పదిహేడో అధ్యాయానికి వచ్చాను. నర్సు నైట్ డ్యూటీ ముగించుకుని తెల్లవారుజామున వస్తుంది. టీచరు పుస్తకం గుండెల మీద పెట్టుకుని నిద్రపోయి ఉంటుంది, కళ్ళజోడు ముఖం మీదే ఉంటుంది. నర్సు దాన్ని మెల్లగా తీసి, కొంగుతో రెండు అద్దాలూ తుడిచి, నిద్ర కళ్ళతో తడుముకున్నా చేతికి తగిలే చోట పెడుతుంది. తర్వాత వెళ్ళి ముఖం కడుక్కుంటుంది. అంతే, ఆ సన్నివేశంలో ఇంకేమీ లేదు.

ఆ పిల్ల ఉత్తరంలో మొదటి ఉదాహరణ అదే. దాని కింద ఒక మాట రాసింది. టీచరు కాపురం తొమ్మిది అధ్యాయాలు నడిచింది, భర్తకు ఆమె కళ్ళజోడు ఉందన్న ధ్యాస ఒక్కసారి కూడా మీరు కలిగించలేదు అని. ప్రూఫులు పక్కన పెట్టి ఆ తొమ్మిది అధ్యాయాలూ వెతికాను. ఒక్కసారైనా దొరుకుతుందేమోనని నిజంగానే వెతికాను. లేదు.

రచయిత చచ్చిపోయాడని, అంటే రచనకు అర్థం తేల్చాల్సింది ఇక పాఠకుడేనని, ఫ్రెంచి విమర్శకుడు రోలా బార్త్ 1967లోనే ప్రకటించాడు. నేను ఇంకా బతికే ఉన్నాను కాబట్టి నా మాట నేనే చెప్పుకోవాలి. రాసేటప్పుడు నేను స్నేహమనే అనుకున్నాను. అబద్ధం చెప్పడం లేదు. పై జవాబుల్లో అందరినీ ఏ వాక్యం, ఏ వాక్యం అని నిలదీశాను కదా, ఆ అమ్మాయి నాకు వాక్యం చూపించింది. నా దగ్గర మాత్రం ఆ పోస్టుకార్డు ముక్కలు తప్ప ఎదురు వాక్యం లేదు. ఇప్పుడు ఆ పిల్ల ఎక్కడుందో తెలీదు. ఆ ఉత్తరం కూడా నేను దాచుకోలేదు.

పుస్తకంలో ఒక్క అక్షరం మార్చలేదు. "ఇది రెండు మనసుల నిష్కల్మష స్నేహగాథ" అని అట్ట వెనక వేస్తామన్నారు, వద్దన్నాను. ఎందుకని అడిగితే ఖాళీగా ఉంటేనే అందంగా ఉంటుందని ఏదో చెప్పాను. మీ దగ్గర ఆ పుస్తకం ఉంటే తీసి పదిహేడో అధ్యాయం ఇంకొక్కసారి చదవండి. నెమ్మదిగా.